ఎర్రబడిన అరచేతులు

1979 ఎండాకాలం. ఆత్మకూరులో ప్రైవేట్ డిటెక్టివ్ ప్రేమానందం గదిలోకి కరీమున్నీసా వచ్చింది.

"మా మామకు నేను విషం పెడతా ఉండానంట సార్. శుక్రవారం పెద్దమనుషుల్ని పిలిచినారు. నన్ను పంపించేస్తారు."

ఆమె మామ లాల్ బాషా ఉదయగిరిలో కొయ్య గరిటెలు చెక్కేవాడు. ఆరు నెలలుగా, కోడలు కాచిన నీళ్లు పోసుకుంటే చాలు, ఒళ్లంతా దురద. మొన్న ఆమె ట్రంకుపెట్టె వెనక ఎలుకలమందు పొట్లం దొరికింది.

ప్రేమానందం ఒకప్పుడు సైన్యపు ఆసుపత్రిలో రక్తపరీక్షలు చేసినవాడు. సహాయకుడు ఓబులయ్యతో వెంటనే ఉదయగిరి వెళ్లాడు.

లాల్ బాషా మంచం మీదున్నాడు. ముఖం, అరచేతులు కందిపోయినట్టు ఎర్రగా ఉన్నాయి.

"చన్నీళ్లు పోసుకుంటే?" అడిగాడు ప్రేమానందం.

"దురద తక్కువే. తల మాత్రం దిమ్ముగానే ఉండాది. కాలివేళ్లు ఒకటే మంట."

"అన్నం?"

"నాలుగు ముద్దలకే కడుపు నిండిపోతాది."

ప్రేమానందం ఆయన భార్య సైదాబీ వైపు తిరిగాడు. "మీరు ఏ నీళ్లు పోసుకుంటారమ్మా?"

"అదే కాగులో మిగిలినవి."

"దురద?"

"నాకేం లేదే..." అంటూనే ఆమె ఆగిపోయింది.

పొట్లం తెప్పించి చూశాడు. అంటించిన కాగితం ఎక్కడా చిరగలేదు.

"అయితే కోడలు కాదా సార్?" ఓబులయ్య గుసగుసలాడాడు.

"నెల్లూరులో పరీక్ష చేయించాలి. ఆలస్యమైతే ఈయన దక్కడు."

శుక్రవారం పెద్దమనుషులంతా కూర్చున్నారు. కరీమున్నీసా గోడకు ఆనుకుని నిలబడింది.

"నేరం చేసింది ఆయన ఒంట్లోని రక్తమే," అన్నాడు ప్రేమానందం. "ఎర్రకణాలు ఎముకల మూలుగలో పుడతాయి. ఈయనకు అదుపు లేకుండా పుడుతున్నాయి. పాలిసైథీమియా అంటారు. పదిహేను ఉండాల్సిన హిమోగ్లోబిన్ ఇరవై ఒకటి ఉంది. రక్తం చిక్కబడి ముఖం ఎర్రబడింది, వేళ్లు మండాయి. ఎడమపక్క ప్లీహం వాచి కడుపును నొక్కుతోంది, అందుకే నాలుగు ముద్దలకే చాలనిపిస్తోంది. వేన్నీళ్లు తగిలితే దురద పుట్టడం ఈ జబ్బు లక్షణం. నీళ్లలో ఏదైనా ఉంటే సైదాబీ గారికీ పుట్టేది."

"మరి ఆ పొట్లం?" అన్నాడొక పెద్దమనిషి.

"ఎలుకల కోసమే తెచ్చినాను. ఇంకా విప్పను కూడా లేదు," అంది కరీమున్నీసా.

"మందుందా సార్?" అంది సైదాబీ.

"నిన్న నెల్లూరు ఆసుపత్రిలో ఒక సీసా రక్తం తీశారు. అప్పుడప్పుడూ తీస్తుండాలి. పూర్తిగా నయం కాదు, అదుపులో ఉంటుంది. వదిలేస్తే రక్తం గడ్డకట్టి గుండెకో మెదడుకో అడ్డం పడుతుంది."

లాల్ బాషా తలెత్తలేకపోయాడు. "తప్పయిపోయిందమ్మా."

"నాకు చెప్తే చాలదు మామా," అంది కరీమున్నీసా. "నేను విషం పెట్టేదాన్నని ఏ ఇండ్లల్లో చెప్పినారో, ఆ ఇండ్లకు పోయి చెప్పండి."

లాల్ బాషా మోచేతి మడతలో అంటించిన దూదిని అదిమిపట్టుకుని లేచాడు. చెప్పులు వేసుకుని, ఎదురింటి తలుపు తట్టాడు.