తాయారమ్మ సున్నా

అంగారకం మీద కొత్తూరులో సూర్యుడు నీలంగా కుంగుతాడు. ఆ తర్వాత పొడిచే మొదటి చుక్క మన భూమే. గాజు గుమ్మటం కింద వడియాలు ఎత్తుకునే ఆడవాళ్లు దాన్ని చూసి "అదిగో, పుట్టిల్లు వచ్చింది" అనుకుంటారు. నమ్మకపోతే మీరే వెళ్లి చూసి రండి. దారిలో మంచినీళ్లు మాత్రం దొరకవు.

ఆ ఊళ్లోనే ప్రొఫెసర్ గుణనిధిగారు 'భావమాపని' కనిపెట్టారు. పాత రోమన్ పద్యాల్లో ఆడవాళ్లు తమ బాధ చుక్కలతో చెప్పుకుంటారు కదా, ఏ చుక్క వెనక ఎంత బాధ ఉందో అంకెల్లో చెప్పే యంత్రం అది. ఒక ఆడమనిషి మణికట్టుకు సెన్సర్ పట్టీ కట్టుకుని పద్యం చదవాలి. చదవకముందు, ఊరికే కూర్చున్నప్పుడు, ఆమె మనసు ఎలా ఉంటే అదే సున్నా. కూరలు తూచేముందు ఖాళీ గిన్నె పెట్టి తూకాన్ని సున్నా చేసినట్టన్నమాట. పద్యం వల్ల పెరిగిందే లెక్క.

ముప్పై ఏళ్లు ఆ పట్టీ కట్టుకున్నది ఆయన భార్య తాయారమ్మ. వంట ముగించి, చెయ్యి తుడుచుకుంటూ వచ్చి కూర్చునేది. ఏ పద్యం చదివినా యంత్రం ఒకటే మాట: "ఒంటరితనం లేదు." దాంతో గుణనిధిగారు, రోమన్ స్త్రీల ఏడుపంతా కవుల కల్పనేనని లావుపాటి పుస్తకం రాసి, రెండు గ్రహాల్లోనూ శాలువాలు కప్పించుకున్నారు.

ఈమధ్యే తాయారమ్మ పోయింది. నెల తిరిగాక పట్టీ ఆయన శిష్యురాలు డాక్టర్ సువార్త కట్టుకుంది. రోమన్లు ఎలుగుబంటి అనుకున్న చుక్కల్ని మనం సప్తర్షులంటాం. ఆమె చదివిన పద్యం వాటి మీదే: "ఆ చుక్కలు సముద్రంలో మునగవు, నా కన్నూ మూతపడదు."

"ఒంటరితనం, అరవై ఒకటి" అంది యంత్రం.

"దీనికి పిచ్చెక్కింది! అమ్మాయ్, పట్టీ సరిగ్గా కట్టుకున్నావా?" అన్నారు గుణనిధిగారు.

"కట్టుకున్నాను మాస్టారూ. పొద్దుట్నుంచీ పది పద్యాలు చదివాను, పదింటికీ ఇదే వరస." సువార్త తటపటాయించింది. "మారింది సున్నాయే. అమ్మగారి గిన్నె... ఖాళీగా లేదేమో మాస్టారూ."

"చాల్చాల్లే! నా తాయారుకేం తక్కువ? పెళ్లినాడు అరుంధతిని చూపించింది నేనే!"

"ఆ తర్వాత ఎప్పుడైనా ఇద్దరూ కలిసి చుక్కల్ని చూశారా?"

"చూడ్డమేమిటి, ముప్పై ఏళ్లూ నాకు చుక్కల పనే కదా..."

ఆయన యంత్రం వైపు తిరిగారు. "ఊరికే కూర్చున్నప్పుడు ఆవిడకి ఎంతుండేదిరా?"

"డెబ్బై నాలుగు. ఏ పద్యమూ దాన్ని దాటలేదు. అందుకే లెక్కలోకి రాలేదు."

గుణనిధిగారు సువార్తను ఇంటికి పంపేశారు. పట్టీ తన చేతికి కట్టుకున్నారు.

"ఆవిడ సున్నాయే ఉంచు" అన్నారు.

బయట నీలం వెలుగు ఆరిపోతోంది. పుట్టింటి చుక్క పొడిచింది. ఆయన ఆ సప్తర్షుల పద్యమే మొదలుపెట్టారు. మొదటి పాదంలోనే మూడుసార్లు ఆగి, మళ్లీ అందుకున్నారు. గడ్డం మీంచి కన్నీళ్లు కారి పట్టీ తడిసింది.

"ఒంటరితనం లేదు" అంది యంత్రం.