సగం నమ్మకానికి హిందీ మాట

"షాయద్," అంది యంత్రం.

డాక్టర్ హేమనళిని చటుక్కున దాని వైపు తిరిగింది. పక్కన మైకు ముందు కూర్చున్న సింహాచలం చెప్పింది అది కాదు. "గంట బాగయింది, బయం లేదు, బేగి ఎక్కండి" అని నిక్షేపంగా చెప్పాడు. సముద్రం అడుగున ఉన్న ఆరుగురికీ మాత్రం "మేరే ఖయాల్ సే, షాయద్ గంట బాగయింది" అని వినిపించింది. నా ఉద్దేశంలో, బహుశా! నీళ్లు మోకాళ్లు దాటుతున్నవాళ్లకు చెప్పాల్సిన మాటేనా అది?

విశాఖ తీరానికి దూరంగా సముద్రంలో స్తంభాల మీద నిలబెట్టిన వేదిక అది. దాని కింద, సముద్రగర్భంలో ఒక ఉక్కు గది. అందులో ఉంటూ లోహపు ఉండలు ఏరే పని బిహారు కూలీలది. వాళ్లను దించడానికీ ఎత్తడానికీ ఇనప తాడుకు వేలాడే తొట్టి ఒకటి ఉంది. ఆకారాన్ని బట్టి దాన్ని అందరూ గంట అంటారు.

పైవాళ్లది తెలుగు, కిందివాళ్లది హిందీ. పాత అనువాద యంత్రాలు ప్రతి మాటనూ ఆజ్ఞలా వినిపిస్తుంటే కిందివాళ్లకు ఒళ్లు మండిపోయేది. నోరు మంచిదైతే ఊరు మంచిదంటారు కదా, అందుకని హేమనళిని ఈ కొత్తదాన్ని తయారు చేసింది. దీని పట్టీ మాట్లాడే మనిషి మెడకు చుడతారు. గొంతులో వణుకునూ నాడినీ పట్టుకుని, తన మాటను ఆ మనిషే ఎంత నమ్ముతున్నాడో అది కొలుస్తుంది. పూర్తిగా నమ్మితే "ముఝే యకీన్ హై", నాకు నమ్మకముంది అని మొదలుపెడుతుంది. కాస్త తక్కువైతే "ముఝే లగ్తా హై", నాకలా అనిపిస్తోంది అంటుంది. సగమే నమ్మితే "షాయద్". అభిప్రాయాన్ని అభిప్రాయంగా, నమ్మకాన్ని నమ్మకంగా చెప్పడమే అసలు మర్యాద అని ఆవిడ సిద్ధాంతం. ఒడ్డున కూర్చుని చెప్పుకోవడానికి బాగానే ఉంది.

ఆ వారంలో గంట రెండుసార్లు దారిలో ఇరుక్కుంది. రెండుసార్లూ ముందుగా మేనేజరు తనకొచ్చిన హిందీలో "పక్కా, ఏ భయమూ లేదు" అని హామీ ఇచ్చాడు. ఇవాళ పంపు ఆగిపోయి గదిలోకి నీళ్లు వస్తుంటే కూలీల పెద్ద రామ్‌దులార్ ఒకటే పట్టు పట్టాడు. మేనేజరు సాబ్ మాట ఇక వద్దు, గంట తాడును చుట్టే విన్చ్ బాగు చేసినవాడితో చెప్పించండి అన్నాడు. బాగు చేసినవాడు సింహాచలం. ఇరవై ఏళ్లుగా ఆ విన్చ్ తిప్పుతున్నవాడూ అతనే, హిందీ ముక్క రానివాడూ అతనే.

"ఏటన్నాదమ్మా అది?" అన్నాడు హేమనళిని మొహం చూసి.

"మీరు సగమే నమ్ముతున్నారని చెప్పేసింది."

సింహాచలం తాడు వైపు చూశాడు. "అబద్దం కాదు గదమ్మా. గేరు మార్సినాను గానీ తాడు పాతదే."

యంత్రం పక్కన ఒక మీట ఉంది. అది నొక్కితే కొలత ఆగిపోతుంది, ప్రతి మాటా "యకీన్ హై" అనే వెళుతుంది. "నొక్కండి మేడమ్! అక్కడ ఆరుగురు చచ్చేట్టున్నారు!" అని మేనేజరు అరిచాడు. ఆవిడ వేలు మీట మీదికి వెళ్లింది. ఆ మనుషుల్ని బతికించే అబద్ధం చేతిలో ఉంచుకుని సిద్ధాంతం పట్టుకు వేలాడుతున్నందుకు తన మీద తనకే అసహ్యం వేసింది.

అప్పుడే కింది నుంచి రామ్‌దులార్ గొంతు వచ్చింది. యంత్రం దాన్ని తెలుగులో అప్పజెప్పింది. "అన్నా, మా చోట్లో మీరుంటే ఎక్కుతారా?"

సింహాచలం క్షణం కూడా ఆగలేదు. "ఎక్కుతాను. ఆ గదిలో ఉంటే సావే. నానైతే ఎక్కుతాను."

"ముఝే యకీన్ హై," అంది యంత్రం, "మై చఢూంగా."

హేమనళిని వేలు వెనక్కి తీసుకుంది. స్పీకర్లో గంట తలుపు మూసుకున్న మోత వినిపించింది. సింహాచలం విన్చ్ మీద చెయ్యి వేశాడు. పాత తాడు మూలుగుతూ, ఒకచోట ఆగినట్టే ఆగి, చివరికి ఆరుగుర్నీ పైకి తెచ్చింది.

"పక్కా అన్నప్పుడల్లా ఇరుక్కుపోయాం," అన్నాడు రామ్‌దులార్ వణుకుతూనే. "షాయద్ అన్నవాడు అబద్ధమాడడనిపించింది."

కంపెనీ ఈ మాట విన్నది. విని, తనకు కావలసింది నేర్చుకుంది. షాయద్ అంటే కూలీలు నమ్ముతారట, ఇకమీదట యంత్రం కొలిచినా కొలవకపోయినా ప్రతి మాటకూ షాయద్ తగిలించాలని ఆర్డరు వేసింది. హేమనళిని నెత్తీ నోరూ కొట్టుకుంది. "మర్యాద ఎక్కువైతే మనకేం నష్టం మేడమ్?" అన్నాడు మేనేజరు.

కొత్త తాడు వచ్చింది, కొత్త పంపు వచ్చింది. మళ్లీ దిగే రోజున రామ్‌దులార్ గంట ముందు నిలబడి పాత ప్రశ్నే అడిగాడు. అంత గట్టి తాడును సింహాచలం జన్మలో చూడలేదు. "నిచ్చింతగా ఎక్కుతాను!" అన్నాడు నవ్వుతూ.

"మేరే ఖయాల్ సే," అంది యంత్రం, "షాయద్ చఢూంగా."

రామ్‌దులార్ హెల్మెట్ తీసి నేల మీద పెట్టాడు. మిగతా ఐదుగురూ పెట్టేశారు. హేమనళిని పరుగున వచ్చి, ఇది కంపెనీ చేసిన పని, ఆయన మాట కాదని హిందీలో మొత్తుకుంది.

"మేడమ్, యంత్రం మీదే కదా," అన్నాడు రామ్‌దులార్ చాలా మర్యాదగా.

సింహాచలం జరిగింది అడిగి తెలుసుకున్నాడు. మెడకున్న పట్టీ విప్పి కుర్చీకి తగిలించి, మాటా పలుకూ లేకుండా వెళ్లి గంటలో కూర్చున్నాడు. రామ్‌దులార్ హెల్మెట్ తీసుకుని అతని పక్కన చేరాడు. ఆ రోజు నుంచీ సింహాచలం దిగనిదే అక్కడ ఒక్కడూ దిగడు. మాటలు చేరవెయ్యడానికి పుట్టిన యంత్రం పైనే ఉండిపోయింది, మనిషి కిందికి పోవలసి వచ్చింది.

దాంతో విన్చ్ కుర్చీ ఖాళీ అయింది. సింహాచలం తర్వాత దాని పోకడ కాస్తో కూస్తో తెలిసింది హేమనళినికే. ఆవిడ వెళ్లి కూర్చుంది. గంటలోంచి సింహాచలం తెలుగులోనే పిలిచాడు.

"డాక్టరమ్మా, మమ్మల్ని పైకి లాగుతారా?"

"లాగుతాను," అంది.

గొంతు వణికింది. ఆ వణుకును షాయద్ అని మార్చి చెప్పడానికి మధ్యలో యంత్రం లేదు.

సింహాచలం గంట తలుపు మూస్తూ, "సరేనమ్మా, దించండి," అన్నాడు.