నల్లగుడ్డ లోపల

ఆ ఖాళీ ఇంటికి కాపలా పెట్టినవాళ్లు వారం కూడా నిలిచేవారు కాదు. ఎందుకు మానేశావయ్యా అంటే ఒక్కడూ నోరు విప్పేవాడు కాదు. అక్కడ ఒక రాత్రి ఏం జరిగిందో, చూసినావిడ చెప్పగా విన్నది చెబుతున్నాను.

ఆవిడ ఫొటోగ్రాఫర్. మర్నాడు పొద్దున్నే ఇల్లు కూల్చేస్తారు. ఈలోగా లోపలి చెక్కమెట్ల ఫొటో ఒకటి కావాలన్నారు పాత ఇళ్ల వివరాలు భద్రపరిచే ఆఫీసువాళ్లు. చిన్న కెమెరా పైకెత్తి తీస్తే మెట్ల పక్క స్తంభాలు వెనక్కి వాలినట్టు పడతాయి. అందుకే వాళ్ల నాన్న వాడిన పెద్ద కెమెరా మోసుకొచ్చింది — ముందు లెన్సు, వెనక బొమ్మ పడే గరుకు అద్దం, మధ్యలో హార్మోనియం తిత్తిలాంటి మడతలు. లెన్సున్న పలకను పైకి జరిపితే చాలు, స్తంభాలు నిటారుగా నిలుస్తాయి.

జరిపితే చాలు... చెప్పడానికి బాగానే ఉంటుంది. సాయంత్రమంతా అది ఆవిణ్ణి ఏడిపించుకు తింది. పలక బిగిస్తే ఫోకస్ జారుతుంది. ఫోకస్ కుదిరితే తిత్తి కుంగి అడ్డొస్తుంది. స్టాండు కదిలి ఒక ఫిల్ము పోయింది. లెన్సు మూయకుండా, ఫిల్ముకి వెలుగు తగలకుండా కాచే రేకు లాగేసి ఇంకొకటి పాడుచేసుకుంది. చీకటి పడేసరికి మిగిలింది ఒక్కటే.

పళ్లు కొరుక్కుంటూ లైటు వేసి, నల్లగుడ్డ తలమీద కప్పుకుని అద్దంలోకి చూసింది.

మెట్ల పక్కన... ఒక ముసలామె.

గుడ్డ తీసింది. ఎవరూ లేరు. మళ్లీ కప్పుకుంది.

ఉంది.

భయం కన్నా ముందు ఒళ్లు మండింది. ఇన్ని తిప్పలు పడ్డాక ఇదొక్కటే తక్కువైంది! లెన్సు తుడిచింది. తిత్తికి చిల్లు పడిందేమోనని తడిమింది. చివరికి గుడ్డ కిందినుంచే నాన్నకు ఫోన్ చేసి, నీ కెమెరా నువ్వే ఉంచుకో అని విసుక్కుంటూ సంగతి చెప్పింది.

ఆయన తాపీగా విన్నాడు. ఆ మనిషి తల అద్దంలో ఎటువైపు ఉందని అడిగాడు.

"పైకే నాన్నా. మనలాగే నిలబడి ఉంది."

"మరి మెట్లు?"

"తలకిందులుగా. ఎప్పుడూ అంతేగా..." అంటూనే ఆగిపోయింది.

"లెన్సులోంచి వచ్చేదేదైనా ఆ అద్దం మీద తలకిందులుగానే పడుతుంది తల్లీ," ఆయన గుసగుసగా అన్నాడు. "అది నీ ముందు లేదు. నిటారుగా కనబడాలంటే అది అద్దంలో పడ్డ ప్రతిబింబం... నీ వెనక ఉండాలి."

ఆవిడ వెనక నల్లగుడ్డ తప్ప ఏమీ లేదు.

ఆ గుడ్డ అంచును — లోపలి నుంచి — ఎవరో వెలుగు చొరబడకుండా నెమ్మదిగా దగ్గరకు లాగి మూశారు.