ఐదు మిల్లీమీటర్ల కుట్ర

"పదకొండు గంటలకు విమానం లేస్తుంది. ఈలోగా దొంగ నీ చేతిలో ఉండాలి," అన్నాడు ఢిల్లీ నుంచి చీఫ్. ఫోన్ కట్టయింది.

ఏజెంట్ రాజారత్నం రిసీవర్ పెట్టేసి గుండుకు గంధం పూసుకున్నాడు. తిరుపతిలో గుండును మించిన మారువేషం లేదు.

చూడటానికి చిన్న కేసే. రేణిగుంట దగ్గర ఒక విమాన డిజైన్ కేంద్రం. కొత్త ట్రైనర్ విమానం డ్రాయింగులన్నీ ఏడాదిగా కంప్యూటర్ మాస్టర్ టేపులో ఉంటున్నాయి. అయినా రికార్డ్స్ సెక్షన్ గుమాస్తా పరంధామయ్య డ్రాయింగులు సంచీలో పెట్టుకుని బయటికి తీసుకుపోతున్నాడని రిపోర్టు. పంపింది కంప్యూటర్ సెంటర్ ఇన్‌చార్జి మునిలక్ష్మి. మద్రాసు చదువు, నల్లకళ్ళద్దాలు, భుజాల దాకా కత్తిరించిన జుట్టు. ఆ ఆఫీసులో డిపార్ట్‌మెంటుకు రహస్యంగా సమాచారమిచ్చే మనిషి. విదేశీ ముఠా ఒకటి ఆ విమానం మీద కన్నేసిందని మొదట చెప్పింది కూడా ఆమే.

తొమ్మిదిన్నరకు అలిపిరి పాదాల మండపం దగ్గర పరంధామయ్య కనిపించాడు. సంచీలోంచి నీలం ప్రింటు తీశాడు. నాలుగు మూలలా పసుపు అద్దాడు. కర్పూరం వెలిగించి దండం పెట్టుకుని, ప్రింటు మళ్ళీ సంచీలో దోపుకున్నాడు. రాజారత్నం చొక్కా గుండీలోని కెమెరా నొక్కుతూ కాచుకున్నాడు. దాన్ని అందుకోవడానికి ఎవరూ రాలేదు. చివరికి తనే వెళ్ళి మణికట్టు పట్టుకున్నాడు.

"ఎవరికిస్తున్నావిది?"

"స్వామికప్పా. పెండ్లి పత్రిక అచ్చేస్తే మొదటిది ఆయనకే గదా పెడతాం. ఇదీ అంతే. ఈ పొద్దు విమానం మొదటిసారి ఎగరతా ఉండాది. దాంట్లో కూసునేవాడూ ఒక తల్లి బిడ్డే."

జీపులో మిగతా సంగతి రాబట్టాడు రాజారత్నం. ప్రతి డ్రాయింగుకూ మొదటి ప్రింటు స్వామికి పెట్టడం ముసలాయన అలవాటు. కంప్యూటర్ వచ్చాక కాగితాలన్నీ కాల్చేయమని ఆర్డరొచ్చింది. స్వామికి పెట్టిన కాగితం కాల్చడానికి చేతులు రాలేదట. ఇంట్లో ట్రంకుపెట్టెలో దాచాడు. అది నేరమని తెలుసా అంటే తెలుసన్నాడు.

పదీ నలభైకి కంప్యూటర్ సెంటర్ చేరారు. సంచీలోది అసలు డ్రాయింగే అని రుజువు కావాలంటే మాస్టర్ టేపుతో సరిచూడాలి. నేరం ఒప్పుకున్నాక అదంతా దండగ అంది మునిలక్ష్మి. రాజారత్నం రూలు రూలే అన్నాడు. ప్లాటర్ పెన్ను కాగితం మీద గీతలు గీసింది. రెక్కను విమానానికి బిగించే బ్రాకెట్ అది.

పరంధామయ్య కళ్ళద్దాలు పెట్టుకుని వంగి చూశాడు.

"సార్, ఇది తప్పు. నా దాంట్లో మందం పన్నెండు మిల్లీమీటర్లు. దీంట్లో ఏడు. నంబరొకటే, తేదీ ఒకటే, ఇష్యూ 'డి' ఒకటే."

"అయితే?"

"కొలత మారితే ఇష్యూ అక్షరం మారాల. నలుగురు సంతకం పెట్టాల. అక్షరం మారకుండా అంకె మారిందంటే, ఎవురో దొంగతనంగా మార్చినారు."

టేపులో అంకె మార్చగల పాస్‌వర్డ్ ఒక్కరిదే. రాజారత్నం తల తిప్పేసరికి మునిలక్ష్మి చేతిలో చిన్న పిస్టల్ ఉంది.

"మీ కన్నెప్పుడూ బయటికి పోయే కాగితం మీదే," అంది చల్లగా. "లోపలున్నది మారిందేమో ఎవరూ చూడరు. అందుకే ఈ ముసలాయన్ని మీకు చూపించాను. ఆ బ్రాకెట్‌ను ఈ టేపులోని కొలతతోనే కోశారు. మొదటి మలుపులో రెక్క ఊడుతుంది."

కేబుళ్ళ కోసం ఆ గది నేలను పలకలతో ఎత్తుగా కట్టారు. ఆమె వెనక ఒక పలక తీసి ఉంది. రాజారత్నం ప్లాటర్‌ను ఆమె మీదికి తోశాడు. ఆమె ఒకే ఒక్క అడుగు వెనక్కి వేసింది. తూటా సీలింగుకు తగిలింది. మనిషి నడుము దాకా కేబుళ్ళలో దిగబడింది.

పది యాభై తొమ్మిది. రన్‌వే మీద విమానం కదిలింది. టవర్‌కు ఫోన్ చేసి రాజారత్నం విమానం ఆపమనే కోడ్ వాక్యం చెప్పాడు: "కొండ మూసేశారు."

చక్రాలు నేల వదలబోతుండగా బ్రేకులు పడ్డాయి. పైలట్ ధనంజయ దిగొచ్చి, తన టైం పాడుచేసింది ఎవరని మండిపడ్డాడు. రహస్యం కాబట్టి ఎవరూ చెప్పలేదు.

మధ్యాహ్నం చీఫ్ ఫోన్‌లో శభాష్ అన్నాడు. మునిలక్ష్మి పేరు మాత్రం ఎక్కడా రాకూడదన్నాడు. డిపార్ట్‌మెంటు నమ్మిన మనిషే శత్రువని తేలితే పరువు పోతుంది. ఆమెను ఢిల్లీ పంపితే ఈసారి మనకు పనికొస్తుందేమో చూద్దామన్నాడు. కాని ఫైలు తెరిచారు. దాన్ని మూయడానికి ఎవరో ఒకరు అరెస్టు కావాలి.

"ఆ ముసలాయన కాగితం లేకపోతే పైలట్ చచ్చేవాడు సార్."

"ఆ సంగతి రికార్డులో లేదు. కాగితం బయటికి పోయిన సంగతి ఉంది."

ట్రంకుపెట్టెను జీపెక్కిస్తుంటే, బూట్లు విప్పి ముట్టుకోమని పరంధామయ్య భార్య రాఘవమ్మ కానిస్టేబుల్‌ను కసిరింది. అతను విప్పాడు.

సాయంత్రం అరెస్టు మెమో మీద సంతకం పెట్టమన్నాడు రాజారత్నం. తను ముసలాయన కళ్ళలోకి చూడలేదు. పరంధామయ్య మాత్రం ప్రతి వరుసా వేలు పెట్టి చదివాడు.

"నలభై మూడు డ్రాయింగులు అని రాసినారు సార్. నలభై నాలుగు. సంచీలో ఉన్నది మీరు ఎంచలా."

రాజారత్నం దిద్దాడు. ఆ రోజు ఆ ఆఫీసు నుంచి తప్పు లేకుండా బయటికి వెళ్ళిన కాగితం అదొక్కటే.