చెయ్యి ముక్క

"నూటికి అరవై రెండు!" డాక్టరమ్మ చెప్పిన అంకె చిన్నకోడలి చెవుల్లో ఇంకా గింగురుమంటూనే ఉంది. కుడి ఊపిరితిత్తి పైభాగంలో శనగగింజంత మచ్చ... వేలమంది స్కాన్ బొమ్మలు చూసి నేర్చుకున్న కంప్యూటరు, అది క్యాన్సరుగా మారే అవకాశం అంత ఉందని లెక్కగట్టిందట! దాని నోట్లో మన్ను పడ, ఎంత తేలిగ్గా తేల్చేసింది! "పాత ఎక్స్‌రే ఏదైనా ఉంటే పట్టుకురామ్మా. అప్పుడూ మచ్చ ఇంతే ఉంటే లెక్క మారిపోతుంది. లేదంటే ఎల్లుండి పక్కటెముకల మధ్య కోసి పరీక్షకి ముక్క తియ్యాల్సిందే," అంది డాక్టరమ్మ.

పాత ఎక్స్‌రే ఉంది! ఆరేళ్ల కిందట దగ్గు తగ్గక తీయించుకున్నది. తీసిన ఆసుపత్రి ఎప్పుడో మూతపడింది కానీ ఫిల్ము ఇంటికొచ్చింది. అయితే కుట్టుపనివాళ్లు దారప్పోగు కూడా పారెయ్యరు కదా! తోడికోడళ్లిద్దరూ ఒకే గదిలో పక్కపక్కన మిషన్లు వేసుకుని కుట్టే రోజులవి. అట్టముక్కలు ఊరికే చిరుగుతున్నాయని, పిల్లల గౌన్ల కొలతలకి ఆ ఫిల్మునే కత్తిరించేసింది ఈ తెలివిగల చిన్నకోడలు. గౌను ముందుభాగం ముక్క గోడ మేకుకి వేలాడుతూనే ఉంది. తీసి కిటికీకి అడ్డంపెట్టి చూసింది. పైన, సరిగ్గా కత్తెర తెగిన చోట... సగం మచ్చ! మిగతా సగం గౌను చెయ్యి కొలతకి కత్తిరించిన ముక్కలో ఉంది. ఆ చెయ్యి ముక్క పెద్దకోడలి దగ్గర ఉంది!

నాలుగేళ్లుగా ఆమె గుమ్మం తొక్కలేదు. ఒక పెళ్లికూతురి గౌను నడుము దగ్గర తక్కువ కత్తిరించి పాడుచేసింది తను. అందరిముందూ నింద వేసింది అక్క మీద! ఆ మహాతల్లి ఒక్కమాట అనకుండా మిషన్ ఎత్తించుకుని, తన వాటా కొలత ముక్కలు పట్టుకుని వేరే వీధికి వెళ్లిపోయింది. ఇప్పుడు ఏ మొహం పెట్టుకుని వెళ్లాలి?

"పోనీ నేనెళ్లి అడగనా?" అన్నాడు భర్త.

"వద్దు! నింద వేసిన నోటితోనే అడగాలి," అని చెప్పులేసుకుంది.

పెద్దకోడలు చొక్కాకి గుండీలు కుడుతోంది. తల ఎత్తలేదు.

"అక్కా... చెయ్యి ముక్క కావాలి."

"నాలుగేళ్లకి గుర్తొచ్చానన్నమాట! అదీ ముక్క కోసం!"

"నా ప్రాణం కోసం అక్కా..." అంటూ వెక్కి వెక్కి ఏడుస్తూ అంతా చెప్పేసింది. పెద్దకోడలి సూది గుండీలోనే ఆగిపోయింది. లేచి, బీరువా అడుగునుంచి గుడ్డలో చుట్టిన ముక్క తీసింది. దానిమీద సుద్దమరకైనా లేదు!

"మూలన నీ పేరుందే... దీన్ని బల్లమీద పడేసి కత్తెర ఆడించడానికి నాకు చేతులు రాలేదు."

ఇద్దరూ ఆసుపత్రికి వెళ్లారు. డాక్టరమ్మ ఎక్స్‌రేలు చూసే లైటుపెట్టె వెలిగించింది. "టేపుతో అంటిస్తే నీడ పడుతుంది. చెరొకటీ పట్టుకుని అంచులు కలపండి. నేను చెప్పేదాకా కదపొద్దు!" అంది. నాలుగు చేతుల మధ్య శనగగింజ పూర్తయింది. డాక్టరమ్మ దాన్ని ఫోటో తీసుకుని కంప్యూటరు ముందు కూర్చుంది. ఎంతకీ తల తిప్పదే! చిన్నకోడలు ఇక ఆగలేకపోయింది.

"ఆ గౌను పాడుచేసింది నేనే అక్కా!"

"తెలుసులేవే. అది ఎడమచేతి కత్తిరింపు. ఆ ఇంట్లో ఎడమచేతి వాటం ఎవరిది?"

"మరి ఆరోజే ఎందుకు చెప్పలేదు?"

"నువ్వు చెబుతావేమోనని చూశాను..." అంది పెద్దకోడలు ముక్కల అంచు వంకే చూస్తూ. "కదలకు! మచ్చ జరుగుతుంది."

"నూటికి నాలుగు," అంది డాక్టరమ్మ ఇటు తిరిగి. "ఆరేళ్లలో ఇసుమంతైనా పెరగలేదు. కోత అక్కర్లేదు, ఏడాదికోసారి చూపించుకో. ఈ రెండు ముక్కలూ మళ్లీ కావాలి, ఒకచోటే దాచండి. ఎవరి దగ్గర ఉంచుతారు?"

చిన్నకోడలు కన్నీళ్లతో అక్క వంక చూసింది. పెద్దకోడలు రెండు ముక్కలూ ఒకే గుడ్డలో చుట్టింది.

"రేపు పొద్దున్నే మా మరిదిని పంపించు. నా మిషన్ బరువు, నేనొక్కదాన్నే మోయలేను."