డబ్బాల మీద నడక

“శత్రువుల మనిషి ఒకడు మన సబ్‌మెరైన్ ఎక్కబోతున్నాడు. సాయంత్రం అది బయలుదేరేలోపు వాడెవడో కనిపెట్టు,” అన్నాడు చీఫ్.

ఆ చెప్పిన తీరు చూస్తే బల్ల మీద చీమలు పట్టాయి, కాస్త దులపమన్నట్టుంది. చీఫ్ తన గదికి మందపాటి కర్టెన్లు వేయించుకున్నాడు, శత్రువులు చూడకూడదని. లోపల ఆయన ఏ పనీ చేయడం లేదన్న రహస్యాన్ని ఆ కర్టెన్లు చక్కగా కాపాడుతున్నాయి.

ఎదురుగా కూర్చున్న ఏజెంటు కోడ్ నేమ్ ముంగిస. గూఢచారి శాఖలోకి రాకముందు ఎనిమిదేళ్లు సబ్‌మెరైన్లలో ఎలక్ట్రీషియన్‌గా చేశాడు.

“ఎక్కి ఏం చేస్తాడు సార్?”

“బీకన్ పెడతాడు. మాత్రబిళ్లంత ఉంటుంది. లోపలి గోడకి అంటిస్తే చాలు, సిగ్నల్ కొడుతూ ఉంటుంది. మనకి వినబడదు, వాళ్ల ఓడలకి వినబడుతుంది. వీలు చూసుకుని ముంచేస్తారు.”

“వాడు కూడా లోపలే ఉంటాడు కదా?”

“ఆ సంగతి వాడికి చెప్పి ఉండరు,” అన్నాడు చీఫ్, కొంత మెచ్చుకోలుగా.

“ప్రయాణం వాయిదా వేస్తే సరిపోతుందిగా?”

“అడ్మిరల్ గారు మంత్రిగారికి ఈ డేటే చెప్పేశారు. మారిస్తే ఆయన పరువేం కావాలి?”

అరవైమంది ప్రాణాల కంటే అడ్మిరల్ పరువు బరువైనదని ముంగిసకు అర్థమైంది. ఆ అరవైమందిలో అతని సొంత తమ్ముడు ఒకడు. ఆ సంగతి ఫైల్లో ఉంది. ఫైలు చీఫ్ మోచేతి కిందే ఉంది. ఆయన దాన్ని తెరిస్తే కదా!

వెళ్లేముందు ఒక పెన్ను ఇచ్చారు. బీకన్ దగ్గరికి వెళ్తే అది వణుకుతుందట. దాన్ని తయారుచేసిన మహానుభావుడు సబ్‌మెరైన్‌లో ఇంజన్లు తిరుగుతాయన్న మాట మరిచాడు. అక్కడ పెన్నేమిటి, పళ్లు కూడా వణుకుతాయి.

మొదటి మజిలీ హోటల్ కాఫీ షాపు. పట్టుపురుగు అనే డబుల్ ఏజెంటు గదిలోపల కూడా నల్లకళ్లద్దాలు పెట్టుకుని కూర్చుంది. అందరూ ఆమెనే చూస్తున్నారు. రహస్యంగా బతకడం ఆమెకు చేతకాదు, అందుకే రెండు దేశాలవాళ్లూ ఆమెను నమ్మారు.

“ఈ కాఫీ మరీ చేదుగా ఉంది,” అన్నాడు ముంగిస. అది కోడ్ వర్డ్.

“చక్కెర మా ఇంట్లో ఉంది,” అంది ఆమె. పక్క టేబుల్ దగ్గరి ముసలాయన ఆశగా తలెత్తాడు.

“వాడెవడు?”

“కొత్తగా ఎక్కే నలుగురిలో ఒకడు. అంతవరకే తెలుసు. వాణ్ణి బాగా తయారుచేశారు బాబూ. ఓ పెద్ద షెడ్డులో మీ సబ్‌మెరైన్‌ని అచ్చుగుద్దినట్టు కట్టారు. పైపులు, వాల్వులు, పడుకునే బంకులు, దేనికీ అంగుళం తేడా లేదు. కళ్లకు గంతలు కట్టి ఆరు నెలలు నడిపించారు. ఇప్పుడు వాడు చీకట్లో కూడా ఎక్కడా తగలకుండా తిరుగుతాడు.”

“ఇంకేమైనా తెలుసా?”

“తెలిస్తే వాళ్లకి అమ్మేదాన్ని,” అంటూ లేచింది. కాఫీ బిల్లు మాత్రం టేబుల్ మీదే వదిలేసింది.

మధ్యాహ్నానికి ముంగిస సబ్‌మెరైన్ ఆగి ఉన్న జెట్టీ చేరాడు. వేషం సరుకుల కాంట్రాక్టరు గుమాస్తాది. శాఖవాళ్లు ఇచ్చిన మీసం ఒకవైపు ఊడి వస్తోంది. గేటు దగ్గర భర్తలను సాగనంపడానికి వచ్చిన ఆడవాళ్లలోంచి నిండు గర్భిణి ఒకామె సరాసరి అతని దగ్గరికి వచ్చింది. తమ్ముడి భార్య.

“బావగారూ! ఆ మీసం ఏంటి?”

గూఢచారి శాఖ అరగంట కష్టపడి వేసిన వేషం మరదలి ముందు అరక్షణం నిలవలేదు.

“ఇన్సూరెన్స్ వాళ్లు... సరుకుల లెక్క చూడమన్నారమ్మా,” అన్నాడు. అతను ఇన్సూరెన్స్ కంపెనీలో పనిచేస్తున్నాడనే ఇంట్లోవాళ్ల నమ్మకం.

“మీ తమ్ముడితో ఒక్కమాట చెప్పండి. పురుడు వచ్చే నెలే. పాపో బాబో తెలిశాక మెసేజ్ పెడతాను. ఏమైనా తేడా జరిగితే మాత్రం మీరు చెప్పొద్దు. ఎలాగూ వాళ్లు చెప్పరనుకోండి.”

ఆ మాట ముంగిసకు సూదిలా గుచ్చుకుంది. సబ్‌మెరైన్‌లో ఉన్నవాళ్లకు ఇంటినుంచి వచ్చేవి నాలుగు ముక్కల మెసేజ్‌లే. అందులోనూ మంచివార్తలు మాత్రమే లోపలికి వెళ్తాయి. చెడ్డవార్తలను ఒడ్డునే ఆపేస్తారు, మనిషి మనసు చెడితే పని చెడుతుందని. అతని తల్లి పోయిన సంగతి నెలన్నర తర్వాత, జెట్టీ మీద కాలు పెట్టాక చెప్పారు. నెలన్నరపాటు అతను లోపల పేకాడుకుంటూ, జోకులు వేస్తూ బతికాడు. అందుకే ఆ ఉద్యోగం మీద ఉమ్మేసి వచ్చేశాడు. ఎంత మొత్తుకున్నా వినకుండా తమ్ముడు వెళ్లి అందులోనే చేరాడు. ఇప్పుడు ఆ వెధవ పోతే పుట్టబోయే బిడ్డకు ఏ ముఖం పెట్టుకుని కథలు చెప్పాలి?

“చెప్తానమ్మా,” అని మాత్రం అన్నాడు.

కమాండర్‌కు మాత్రమే అసలు సంగతి తెలుసు. ఆయన తన చిన్న గదిలోకి కొత్తవాళ్లను ఒక్కొక్కరినే పిలిచి సబ్‌మెరైన్ గురించి ప్రశ్నలు వేశాడు. వంటవాడు, రేడియో మనిషి, ఇంజన్ మెకానిక్, ఎలక్ట్రీషియన్. నలుగురూ వేరే సబ్‌మెరైన్ల నుంచి బదిలీ అయినవాళ్లే, నలుగురి కాగితాలూ భేషుగ్గా ఉన్నాయి. ముంగిస సరుకుల సంతకాలు పెట్టించుకుంటున్నట్టు నటిస్తూ మూలన నిలబడి విన్నాడు. వంటవాడికి రెండు ప్రశ్నలకు జవాబు తెలియలేదు. మెకానిక్ నీళ్లు నమిలాడు. రేడియో మనిషి ప్రశ్నే మళ్లీ అడగమన్నాడు. ఎలక్ట్రీషియన్ ఒక్కడే తడుముకోకుండా గడగడా చెప్పాడు.

“ఎలక్ట్రీషియన్ బంగారం,” అన్నాడు కమాండర్ గుసగుసగా. “నాకు ఆ వంటవాడి మీదే అనుమానం.”

కమాండర్లకు అనుమానం ఎప్పుడూ వంటవాడి మీదే ఉంటుంది, తిండి తింటారు కనుక.

సామాన్లు వెతికారు. బట్టలు, బూట్లు, టూత్‌పేస్టులు పిండి చూశారు. ఏమీ దొరకలేదు. పెన్ను అందరి దగ్గరా వణికింది, కమాండర్ దగ్గర మరీ ఎక్కువగా.

“ఇంక ఆపలేను,” అన్నాడు కమాండర్. “హాచ్ తలుపు మూసేస్తున్నాం. నలుగురినీ ఎవరి డ్యూటీకి వాళ్లను పొమ్మంటున్నా.”

ముంగిస వాళ్ల వెనకే లోపలి దారిలోకి దిగాడు. పొడుగ్గా, ఇరుగ్గా ఉన్న దారి అది. ఆ నేలంతా టిన్ను డబ్బాలు పరిచి ఉన్నాయి. బీన్సు, బఠానీ, పళ్లముక్కలు, పాలపొడి. వాటి మీద చెక్కలు వేశారు. మూడు నెలల తిండి పెట్టడానికి స్టోర్‌రూమ్ ఎక్కడ చాలుతుంది? మిగిలింది నేలమీద పరుచుకుని, దానిమీదే నడుస్తూ, రోజూ కొంత తింటూ పోతారు. మొదట్లో అందరూ నడుం వంచి తిరుగుతారు. తిండి తగ్గేకొద్దీ మళ్లీ మెల్లగా నిటారు అవుతారు. ఏ సబ్‌మెరైన్‌లోనైనా ఇదే పద్ధతి. దీన్ని పుస్తకాల్లో రాయరు, దిగినవాడికి మొదటిరోజే మెడ నేర్పుతుంది.

వంటవాడు అడుగు పెడుతూనే గూనివాడిలా వంగాడు. మెకానిక్ వంగాడు. రేడియో మనిషి తిట్టుకుంటూ వంగాడు. ఎలక్ట్రీషియన్ మాత్రం దర్జాగా నడిచాడు. మొదటి వాల్వు రాగానే సరిగ్గా ఎంత వంచాలో అంతే తల వంచాడు.

ఠంగ్!

నుదురు రుద్దుకుంటూ వాడు వాల్వును అనుమానంగా చూశాడు. మరో నాలుగడుగులు వేసి పైపు కింద అంతే కొలతగా వంగాడు.

ఠంగ్!

అవతలి చివర చేతినిండా డబ్బాలతో నిలబడ్డ తమ్ముడు పకపకా నవ్వాడు. ముంగిసకు నవ్వు రాలేదు. షెడ్డు కట్టిన మేధావులు పైపులు కొలిచారు, వాల్వులు కొలిచారు, కోట్లు తగలేశారు. బయలుదేరే రోజున ఆ నేల డబ్బా ఎత్తు లేస్తుందని ఒక్కడికీ తట్టలేదు. ఎంత పెద్ద కుట్రైనా తిండి దగ్గరే తేలిపోతుంది.

“ఒరేయ్, ఆగు!” అని అరిచాడు.

వాడు ఆగలేదు. నోట్లో వేలు పెట్టి పెట్టుడు పన్ను ఒకటి ఊడబెరికాడు. అదే బీకన్. పక్కనే రెండు పైపుల మధ్య సన్నటి సందు ఉంది. అందులో పడితే డాక్‌లో పైపులన్నీ విప్పితే తప్ప బయటికి రాదు. వాడి చెయ్యి సందులోకి వెళ్తోంది. పైన హాచ్ మూసుకుంటున్న చప్పుడు వినబడింది.

ముంగిస వంగి, వాడి కాళ్ల కింద చెక్కను రెండు చేతులా పట్టుకుని లాగేశాడు. బఠానీ డబ్బాలు దొర్లాయి. వాటితోపాటు వాడూ దొర్లాడు. బీకన్ సందు అంచుకు తగిలి ఎగిరి తమ్ముడి బూటు ముందు పడింది. ముంగిస వాడి ఛాతీ మీద కూర్చున్నాడు.

“నువ్వు కూడా ఇందులోనే ఉంటావని ఆలోచించావట్రా?”

వాడు నోరు తెరిచాడు. ముందు పన్ను లేని చోటు కనబడింది, తర్వాత కళ్లలో భయం. తనను పంపినవాళ్లు ఎలాంటివాళ్లో వాడికి అప్పుడే తెలిసినట్టుంది.

“అన్నయ్యా?” అన్నాడు తమ్ముడు, బీకన్ చేతిలో పట్టుకుని. “ఇన్సూరెన్స్‌లో ఇవన్నీ కూడా చేయిస్తారా?”

తమ్ముడి గొంతు వినగానే ముంగిసకు కళ్లలో నీళ్లు తిరిగాయి. తిడదామనుకుని, దగ్గరికొచ్చిన తమ్ముడి చెయ్యి గట్టిగా పట్టుకున్నాడు.

“నీ పెళ్లాం పురుడు వచ్చే నెలేనట. చెప్పమంది,” అన్నాడు.

హాచ్ మళ్లీ తెరిచి దొంగ ఎలక్ట్రీషియన్‌ను తాళ్లతో కట్టి పైకి పంపారు. వెనకే ముంగిస నిచ్చెన మీద కాలు పెట్టాడు. కమాండర్ అతని భుజం మీద చెయ్యి వేశాడు.

“ఎక్కడికి?”

“నా పని అయిపోయింది సార్.”

“నాకు ఎలక్ట్రీషియన్ ఒకడు తక్కువయ్యాడు. నువ్వు ఎనిమిదేళ్లు చేశావటగా. మీ చీఫ్‌కి ఫోన్ చేశా. సంతోషంగా ఒప్పుకున్నాడు, ఫోన్ పూర్తిగా వినకుండానే.”

ముంగిస తలెత్తి చూశాడు. గుండ్రటి ఆకాశం ముక్క ఒకటి కనబడింది. అది సన్నబడి, చిల్లుగా మారి, మూసుకుపోయింది.

“దిగులు పడకు,” అన్నాడు కమాండర్. “మూడు నెలలు ఇట్టే గడిచిపోతాయి.”

ఆ మాట ప్రతి కమాండరూ మొదటిరోజే చెబుతాడు. రెండోరోజు కూడా చెప్పినవాణ్ణి నౌకాదళంలో ఇంతవరకూ ఎవరూ చూడలేదు.