ఉద్వాసన కాని ల్యాప్‌టాప్

లొంగిపోవడానికి గండికోట వచ్చిన ముఠా మనిషి సీక్రెట్ ఏజెంట్ గోపీనాథ్ చేతుల్లోనే ఒరిగిపోయాడు. రాళ్ల చాటు నుంచి సైలెన్సర్ తుపాకీ ఒక్కసారే దగ్గింది.

"కర్నూల్లో... నాగసుబ్బయ్య ఇనుప సామాన్ల అంగడి. పైగదిలో అద్దెకుండేవాణ్ణి. ల్యాప్‌టాప్ అక్కడే ఉంది. పాస్‌వర్డ్ పెన్నా. రేపు సాయంత్రం మావాళ్లు పేల్చే రైలు వంతెన ఏదో అందులో ఉంది..."

అంతే. కింద లోయలో పెన్న పారుతూనే ఉంది.

గోపీనాథ్ సెల్ మోగింది.

"కోసిగిలో వాన పడిందా?"

"మబ్బు కూడా పట్టలేదు సార్."

కోడ్ సరిపోయింది. అవతల చీఫ్ జ్ఞానేశ్వర్. ఆయన విషయమంతా విన్నాడు.

"రెండు జిల్లాల్లో ఎన్నో వంతెనలు. ఏ వంతెనో చెప్పకుండా రైల్వే వాళ్లు బండ్లు ఆపరు. అంగడి మీద శత్రువుల నిఘా ఉంటుంది. రెయిడ్ చేస్తే ముందే పేల్చేస్తారు. మెకానిక్ వేషంలో వెళ్లు. డేటా రికవరీ ఎక్స్‌పర్ట్ సుచరితను పంపుతున్నా. ఎవరికీ ఒక్క మాట చెప్పొద్దు."

"యెస్ సార్" అన్నాడు గానీ మనసు ఊరికి పోయింది. రేపు సాయంత్రమే కోసిగిలో అన్న శివన్న, వదిన శివలీల బొంబాయి బండి ఎక్కుతున్నారు. ఈ ఏడూ వాన ముఖం చాటేసింది, కూలి పనికి పోక తప్పదు. తాను బడి మానేసి తమ్ముణ్ణి డిగ్రీ దాకా చదివించిన అన్న. ఆ అన్నకే చెప్పకూడని మాట.

మర్నాడు ఆయుధ పూజ. సాయంత్రం కావస్తోంది. కర్నూలు పాతబస్తీలోని ఆ అంగట్లో తక్కెడకు, గడ్డపారలకు, మోపెడ్‌కు అన్నిటికీ గంధం కుంకుమ. వాటి మధ్య పీట మీద ల్యాప్‌టాప్, దాని మీద చామంతి పూలు! పక్కనే నల్ల కళ్లద్దాలతో, ఎత్తు మడమల చెప్పులతో సుచరిత నిలబడి ఉంది. బెంగళూరు సెంటు వాసన సాంబ్రాణిని కూడా ఓడిస్తోంది.

"ఇప్పుడే హైదరాబాద్ నుంచి దిగాను" అంది మెల్లగా.

"పైగది సారు రిపేరుకు పంపినాడు శెట్టీ" అన్నాడు గోపీనాథ్.

"చెయ్యప్పా, ఈడనే చెయ్యి" అన్నాడు నాగసుబ్బయ్య. "పైగదిలోంచి తెచ్చి పూజలో పెట్టినాము. రేపు ఉద్వాసన చెప్పేదాకా పీట దాటించేది లేదు. దేవుడు వచ్చినా ఇదే మాట."

గోపీనాథ్ పవర్ బటన్ నొక్కాడు. ఫ్యాన్ తిరిగింది. తెర మాత్రం నల్లగానే ఉంది. బీప్, బీప్, బీప్. ఆపి మళ్లీ నొక్కాడు. మళ్లీ అదే కూత.

"హార్డ్ డిస్క్ పోయింది. ఫార్మాట్ చేయాలి. సీడీ తెచ్చాను" అంది సుచరిత.

"తెరే రానిది ఫార్మాట్ ఎట్లా మేడమ్?"

ఆమె నవ్వింది. గోపీనాథ్ నవ్వలేదు. డిగ్రీ రోజుల్లో అతను ఇన్‌స్టిట్యూట్‌లో కంప్యూటర్లు బిగించాడు. ఈ బీప్ ర్యామ్ ఇబ్బంది అని మొదటి నెలలోనే నేర్పారు. ఎక్స్‌పర్ట్‌కు తెలియదా?

నాగసుబ్బయ్య భార్య సుందరలక్ష్మి పళ్లెంలో శనగలు తెచ్చింది. "పొద్దున నువ్వు నొక్కినప్పుడూ ఇట్లనే కూసింది గదమ్మా! ఎత్తకపోతానని మా ఆయనతో పోట్లాడితివే! ఇంగా బాగు కాలేదా?"

సుచరిత నవ్వు ఆగిపోయింది. గోపీనాథ్ విననట్టే బ్యాటరీ ఊడదీశాడు. చొక్కా బొత్తంలో మైక్, పెన్నులో కెమెరా, బూటులో కత్తి. ఒక్కటీ పనికిరాదు. కావలసింది స్క్రూడ్రైవరే. ల్యాప్‌టాప్‌ను పీట మీదే బోర్లా తిప్పాడు. అడుగున మూడు పెద్ద బొట్లు. తడి గంధం సందుల్లోంచి లోపలికి దిగి ఎండిపోయింది.

"అడుగున ఎందుకు పెట్టినావమ్మా?"

"పైన పెడితే మరక పడదా అబ్బీ? పాపం, కొత్తది."

మూత విప్పాడు. ర్యామ్ చిప్ అంచున ఉన్న బంగారు పళ్ల నిండా గంధం, కుంకుమ.

"రబ్బరు ఉండాదా శెట్టీ? పెన్సిల్ రాత చెరిపేది. ఒక పెయింటు బ్రష్షు కూడా."

పళ్లను రబ్బరుతో రుద్దుతుండగా సెల్ మోగింది.

"రే గోపీ, బండి కదిలింది రా. సీటు లేదు, వాకిట్లో కూసున్నాం. మీ వదిన గాలి శానా బాగుండాది అంటాంది."

"అన్నా..."

"ఏమి రా?"

"ఏం లేదన్నా. జాగ్రత్త."

బ్రష్షు తీసుకున్నాడు. గాడిలో ధూళి దులిపాడు. ర్యామ్ నొక్కాడు, టక్. బ్యాటరీ. పవర్.

ఒకే ఒక్క చిన్న బీప్. తెర వెలిగింది. కింద నీలి గీత పాకుతోంది, ఆగుతోంది, పాకుతోంది. ఎద్దుబండి ఇంతకంటే వేగంగా పోతుంది! పెన్నా అని కొట్టాడు. మ్యాప్ తెరుచుకుంటోంది.

"చేతులు పైకి!" సుచరిత చేతిలో చిన్న పిస్టల్. రెండో చేత్తో ల్యాప్‌టాప్ లాక్కుని వాకిలి వైపు పరుగెత్తింది.

"అమ్మా! ఉద్వాసన కాలేదు!" నాగసుబ్బయ్య కేక.

గడప ముందర, దిష్టి తీసి పగలగొట్టిన బూడిద గుమ్మడికాయ. ఎత్తు మడమ దాని మీద పడింది. సుచరిత ఒకవైపు, పిస్టల్ కాలవలోకి. ల్యాప్‌టాప్ గాల్లోంచి, వెంటపడిన గోపీనాథ్ గుండెల మీదికి వచ్చింది.

తెర మీద ఎర్రచుక్క. చీఫ్‌కు ఫోన్ కలిపాడు.

"సార్! తుంగభద్ర వంతెన! కోసిగి దాటిన బొంబాయి బండి ఆపండి!"

తర్వాత అన్నకు ఫోన్ చేశాడు. పలకలేదు. మళ్లీ చేశాడు. పలకలేదు. సుచరిత చేతులను నాగసుబ్బయ్య కొత్త నులక తాడుతో కట్టేస్తున్నా అతను చూడలేదు. అంగట్లో ఆ చివరికీ ఈ చివరికీ తిరుగుతూనే ఉన్నాడు.

సెల్ మోగింది.

"ఏం గవర్నమెంటు రా ఇది? వంతెన ముందర, ఇంజను వంతెన ఎక్కబోతాంటే నిలబెట్టినారు. అందరినీ దిగమంటాండారు. పనికి పోయేవాళ్లను ఇట్లా సతాయిస్తే ఎట్లా రా? నువ్వు ఉద్యోగస్తుడివి గదా, ఎవరినన్నా అడగగూడదా?"

"అడుగుతానన్నా" అన్నాడు గోపీనాథ్, మేకుల మూట మీద కూలబడి.

చీకటి పడకముందే చీఫ్ ఫోన్ వచ్చింది. "బాంబు తీసేశారు. వెల్‌డన్. అవునూ, నువ్వు చెప్పినట్టు ఆ సుచరిత శత్రువుల మనిషే. పొద్దున్నే వచ్చి కూడా అంతా ఎందుకు చెరపలేకపోయింది?"

"గంధం అడ్డుపడింది సార్."

"ఏమిటీ? సరే, ల్యాప్‌టాప్ తీసుకుని వెంటనే బయలుదేరు."

గోపీనాథ్ పీట వైపు చూశాడు. నాగసుబ్బయ్య ల్యాప్‌టాప్‌ను మళ్లీ అక్కడే పెట్టాడు. సుందరలక్ష్మి కొత్త బొట్టు పెడుతోంది, ఈసారి పైనే.

"శత్రువుల దగ్గర్నుంచి తేగలిగాను సార్. శెట్టి దగ్గర్నుంచి మాత్రం రేపు ఉద్వాసన అయ్యాకే."